అడిగితే ఇచ్చే దారి

మా ప్రెసిడెంటు గారు ఒక్కసారి కూడా కాదనలేదు. ముందు ఆ మాట చెప్పెయ్యాలి, లేకపోతే ఆయన మీద అభాండం వేసినట్టవుతుంది. ఇరవై ఏళ్ళుగా మా పల్లెలో ఎవరు పోయినా మాలో ఒకరు వెళ్ళి ఆయన గుమ్మం ముందు నిలబడాలి. "అయ్యా, మట్టి చెయ్యాలి, దారి కావాలి" అనాలి. "ఓసి పిచ్చిదానా, అదీ అడగాలటే?" అంటాడు. అడక్కుండా వెళ్ళి చూడండి మరి!

మా సమాధుల దొడ్డి ఆయన మిరప చేనుకి అవతల ఉంది. ఇదివరకు చేను మధ్యలోంచి బండి పట్టేంత డొంక దారి ఉండేది. సర్పంచిగా మొదటిసారి గెలిచిన ఏడాదే ఆ డొంక దున్నించి చేలో కలిపేసుకుని చుట్టూ ముళ్ళతీగ లాగించాడు. మేం గోల చేద్దామనుకునేలోపే పల్లెలో ఒక ముసలాయన పోయాడు. ప్రెసిడెంటు గారే వచ్చి తీగ విప్పించాడు, దండ తెచ్చి వేశాడు, అందరికీ టీ పోయించాడు. ఇంకేం గోల చేస్తాం? "ఎంత మంచోడో" అనుకుంటూ ఇళ్ళకొచ్చాం. అప్పట్నించీ అంతే. శవప్పెట్టె మోసేవాళ్ళ ముందు ఆడవాళ్ళం నడిచి, చెట్లు విరక్కుండా చేతుల్తో పక్కకి వంచుతూ పోవాలి. ఆ చెట్ల కాయలు కోసేదీ మేమే లెండి.

సీటు ఆడవాళ్ళకొచ్చినప్పుడు భార్యని నిలబెట్టి గెలిపించుకున్నాడు. అప్పుడు కూడా మేం ప్రెసిడెంటు గారూ అని పిలిచింది ఈయన్నే. వాడు అని రాయాలని ఉంది నాకు. చెయ్యి రావడం లేదు.

ఈసారి ఎన్నికల్లో మా మేనమామ కొడుకు పోటీకి దిగాడు. నాకు బావ అవుతాడు. డొంక సర్వే చేయించమని ఆఫీసుల చుట్టూ తిరిగి కేసు కూడా వేసిన మనిషి. పల్లె ఓట్లన్నీ పడితే గెలుస్తాడని ఊళ్ళో అందరికీ తెలుసు. అదే సమయానికి మా అమ్మ మంచం పట్టింది. ఏళ్ళ తరబడి మిరప ఘాటులో తొడిమలు తీసిన ఊపిరితిత్తులు, ఇక పనిచెయ్యవని డాక్టరు చెప్పేశాడు. అమ్మకి బతకాలని కూడా లేదు. "మీ నాన్న పక్కన పెట్టండే, అంతే" అనేది రోజూ.

కోతల ముఠాకి మేస్త్రిని నేను. నా మాట మీద నడిచే ఆడవాళ్ళు ఇరవై మంది పైనే. అందుకే ప్రెసిడెంటు గారు ఒక మధ్యాహ్నం మా ఇంటికొచ్చాడు. చెప్పులు బయటే విప్పి, అమ్మ మంచం పట్టె మీద కూచున్నాడు.

"ఎట్టా ఉందమ్మా?" అన్నాడు.

అమ్మ దగ్గింది.

"దేనికీ దిగులు పడమాక. నీ పెనిమిటి పక్కనే చోటుంది. నేను చూసుకుంటా" అన్నాడు. తర్వాత నావైపు తిరిగి, గూట్లో ఉన్న బైబిలు చూపించాడు. "ఇష్టమైతేనే అమ్మాయ్. బలవంతమేం లేదు."

బెదిరించి ఉంటే బాగుండేది. నా నోరు మంచిది కాదు, పల్లెంతా వినపడేట్టు తిట్టిపోసేదాన్ని. మంచం మీద మా అమ్మ ఆయన చెయ్యి పట్టుకుని ఉంది. ఓటు ఆయనకే అని నేను బైబిలు మీద చెయ్యి పెట్టాను. సాయంత్రం ముఠా ఆడవాళ్ళందరినీ పిలిచి వాళ్ళ చేతా పెట్టించాను. మాలో ఒక సాయెబుల కోడలుంది, ఆమె కూతురి తల మీద చెయ్యి వేసి చెప్పింది.

బావకి తెలిసి పరుగెత్తుకొచ్చాడు. "ఆ ఒట్టు తీసి గట్టు మీద పెట్టవే! లోపల ఎవరు చూడొచ్చారు?" అన్నాడు. పాస్టరు గారు కూడా అదే చెప్పారు, భయంతో వేసిన ఒట్టు దేవుడు పట్టించుకోడమ్మా అని. సరే అన్నాను ఇద్దరికీ. నిజంగానే అన్నాను.

ఓటేసే రోజు అట్టముక్క చాటున ముద్ర బావ గుర్తు దాకా తీసుకెళ్ళాను. అక్కడ ఆగిపోయింది. మాట తప్పితే ఆ పాపం అమ్మ మీదికొస్తుందనిపించింది. ఛీ, ఎంత పిచ్చి! పోతుందని తెలిసిన మనిషికి ఇంకేం వస్తుంది? అయినా ముద్ర తెచ్చి ప్రెసిడెంటు గారి గుర్తు మీదే వేశాను. ముఠాలో ఒక్కతైనా ఒట్టు తప్పి ఉంటుందిలే, నా ఒక్క ఓటు పోతే ఏమైందిలే అనుకుంటూ బయటికొచ్చాను.

బావ ఓడిపోయాడు. మా ముఠాలో ఎంతమందిమి ఉన్నామో అంత తేడా కూడా లేదు. మర్నాడు చేలో ఒక్కొక్కదాన్నీ పట్టుకుని అడిగాను. అందరిదీ ఒకటే మాట, "ఒట్టేశాం కదక్కా." ఏం చెయ్యను? తిట్టడానికి నాకు నోరెక్కడిది? ఊళ్ళో వందమందికి సారా పోసినా ఆయనకి నమ్మకం ఉండదు. మా మీద ఉంది. మేం మాట తప్పం అని మాకంటే ఆయనకే బాగా తెలుసు.

వారం తిరక్కుండానే అమ్మ పోయింది. పొద్దున్నే వెళ్ళి గుమ్మం ముందు నిలబడ్డాను. "నేనెప్పుడైనా కాదన్నానా?" అన్నాడు.

పెట్టె లేచింది. ముందు కుడివైపు బావ భుజం పెట్టాడు. మా అమ్మంటే వాడికి ప్రాణం, ఆమె చేతి ముద్ద తిని పెరిగాడు. తీగ విప్పి ఉంది. ప్రెసిడెంటు గారు దండ పట్టుకుని అక్కడే నిలబడి ఉన్నాడు. మేం దగ్గరికి రాగానే చెయ్యి అడ్డం పెట్టాడు.

"అందరూ రండమ్మా. ఆయనొక్కడూ ఆగితే బాగుంటుంది. మా ఇద్దరికీ కేసు నడుస్తోంది కదా, నా చేలో అడుగుపెట్టడం పద్ధతి కాదు." ఎంత నెమ్మదిగా అన్నాడో!

అందరూ నావైపు చూశారు. ఎండ మాడ్చేస్తోంది, మోసేవాళ్ళ మెడ నరాలు ఉబ్బిపోయాయి. వెనక్కి తిప్పండి అంటే తిప్పుతారు. తిప్పి ఎక్కడికి తీసుకెళ్ళను మా అమ్మని? రోడ్డు పక్కన పెట్టనా?

"బావా, వదిలెయ్" అన్నాను.

వాడు భుజం తీశాడు. పెట్టె ఒకవైపు ఒరిగింది. ప్రెసిడెంటు గారు గబుక్కున కండువా మడిచి భుజాన వేసుకుని ఆ చోట్లో దూరాడు. వెనక ఆడవాళ్ళు "అయ్యో, ఎంత పెద్దమనసు" అని ఘొల్లుమన్నారు. మా అమ్మని నాన్న పక్కకి మోసుకెళ్ళింది ఆయనే.

తిరిగొచ్చేసరికి బావ ఇంకా రోడ్డు మీదే, ఎండలో నిలబడి ఉన్నాడు.

"అత్తకి గొయ్యి లోతుగా తీశారా?" అని అడిగాడు.

"తీశార్లే. ప్రెసిడెంటు గారే దగ్గరుండి చూసుకున్నారు, పాపం" అన్నాను.

ఆ పాపం అనే మాట కూడా నేనే అన్నాను.