జలపాతం వెనక గది

మా చిన్నప్పుడు... చోడవరంలో మా అమ్మ బయటి నుంచి రాగానే, కాళ్ళు కూడా కడుక్కోకుండా, ముందు టీవీ నెత్తి మీద చెయ్యి పెట్టి చూసేది. పిల్లలకి జ్వరం చూసినట్టు. వేడిగా ఉందంటే ఆ రోజు ఇంట్లో ఎవరికో మూడినట్టే!

వీడియో గేమ్ ఆడితే పిక్చర్ ట్యూబ్ పోతుందని మా వీధి వీధంతా నమ్మేది. అలా ఎవరి టీవీ పోయిందో ఎవరూ చూడలేదు... అయినా నమ్మేవారు. అందుకని ఆదివారం ఒక్క గంట, అదీ మా సూరి అన్నయ్యకే. వాడు ఏడో క్లాసులో ఫస్టు వచ్చాడని నాన్న అనకాపల్లి నుంచి తెచ్చిన గేమ్ అది. నేనూ ఐదులో ఫస్టే వచ్చాను. నాకు జామెట్రీ బాక్సు ఇచ్చారు.

అది చాలనట్టు అన్నయ్య ఇంకో మాట పుట్టించాడు. "ఒసే, ఆడోళ్ళు రిమోటు ముట్టుకుంటే స్కోరంతా సున్నా అయిపోద్ది. గేమ్ పుస్తకంలో రాసున్నాది." ఆ పుస్తకం మొత్తం చైనా భాషలో ఉండేది. వాడు ఏం చదివాడో, నేను ఏం నమ్మానో!

నమ్మానంటే... ఒక నెల నమ్మాను. తర్వాత సాయంత్రం వాడు ట్యూషన్‌కి, అమ్మ బిందెలు పట్టుకుని వీధి కుళాయికి వెళ్ళగానే మొదలుపెట్టాను. ఆడటం ఒక ఎత్తు, ఆడినట్టు తెలియకుండా చెయ్యడం ఇంకో ఎత్తు. వైర్లు వాడు చుట్టినట్టే చుట్టాలి. టీవీ నెత్తి మీద తడిగుడ్డ వేసి, విసనకర్రతో విసిరి, చల్లారాక కుట్లు కుట్టిన కవరు కప్పాలి. ఇప్పుడు తలుచుకుంటే ఒళ్ళు జలదరిస్తుంది... షాక్ కొట్టి పోయేదాన్నే.

గొడుగు పట్టుకుని ఎగిరే పిల్లాడి ఆట అది. మూడో స్టేజీలో జలపాతం ఉండేది. దాని వెనక సీక్రెట్ గది ఉందని పుకారు... ఎలా వెళ్ళాలో మాత్రం ఎవరికీ తెలీదు. మగపిల్లలంతా అక్కడ ఎగిరి ఎగిరి, గోడల్ని గుద్ది గుద్ది, విసుగొచ్చి దాటిపోయేవారు.

ఒకరోజు నా పిల్లాడు సరిగ్గా జలపాతం కింద ఉండగా గేటు చప్పుడైంది. గేమ్ ఆపే టైము లేదు. టీవీ ఒక్కటే కట్టేసి, గేమ్ మీద తువ్వాలు పడేశాను. అమ్మ బిందె దింపి, నా చేత దొడ్లో బట్టలు తీయించి, రెండో బిందెకి వెళ్ళింది. మళ్ళీ టీవీ వేస్తే... పిల్లాడు ఒక గదిలో ఉన్నాడు! నిండా బంగారు చేపలు.

మర్నాడు మళ్ళీ చేసి చూశాను. ఏమీ లేదు, అక్కడ కదలకుండా నిలబడాలంతే. వంద లెక్కపెట్టేలోపు గోడ తెరుచుకుంటుంది. దొంగచాటుగా ఆడేవాళ్ళకి తప్ప అంతసేపు ఊరుకునే అవసరం ఎవరికి ఉంటుంది?

చెప్పకపోతే కడుపు ఉబ్బిపోయేలా ఉంది. చెబితే ముట్టుకున్నానని తెలిసిపోతుంది. అందుకని ఒక తెలివైన పని చేశాను. నా జీవితంలో అంత తెలివితక్కువ పని ఇంకోటి లేదు.

"అన్నయ్యా, వైజాగులో ఎవరో గుంటడు కనిపెట్టేడట. జలపాతం కింద కదలకుండా నిలబడితే తలుపు తెరుసుకుంటాదట. మా క్లాసులో ఒక గుంట సెప్పింది."

ఆదివారం గది తెరుచుకుంది. సోమవారానికి వైజాగ్ కుర్రాడు మాయమైపోయాడు... కనిపెట్టింది మా సూరి! వడ్డాది నుంచి కూడా కుర్రాళ్ళు సైకిళ్ళేసుకుని వచ్చారు చూడ్డానికి.

"ఎలాగ కనిపెట్టేవురా?"

"మూడ్రోజులు కూకుని బుర్ర పెట్టేన్రా."

నేను గుమ్మంలో మరమరాల పళ్ళెంతో నిలబడి ఉన్నాను. ఒకడు నన్ను చూసి, "మీ సెల్లికి తెలుసేటి?" అన్నాడు.

"దానికేటి తెలుస్తాదిరా! రిమోటు ముట్టుకోడానికే బయం దానికి."

నోటిదాకా వచ్చింది. "నేనేరా" అంటే చాలు. వంటింట్లో అమ్మ వింటోంది. ఆ ఒక్క మాటకి నా సాయంత్రాలన్నీ పోతాయి. మింగేశాను. ఇప్పటికీ మంటే.

కథ ఊళ్ళు తిరిగింది. గోవాడ వాళ్ళయితే తమ ఊరి షుగర్ ఫ్యాక్టరీ సైరన్ మోగుతున్నప్పుడు నిలబడితేనే తెరుచుకుంటుందని కలిపారు. ఏది కలిపినా "చోడవరం సూరి కనిపెట్టింది" అన్న ముక్క మాత్రం మారలేదు. కొన్నాళ్ళకి అన్నయ్య ఆ గేమ్ క్యాసెట్‌ని రావికమతం ఫ్రెండుకి ఇచ్చాడు, అది తిరిగి రాలేదు. పేరూ పోయింది, ఆటా పోయింది.

పోయినవారం అన్నయ్య అలాంటి క్యాసెట్ ఫోటో ఒకటి పెట్టి, "నేను కనిపెట్టిన సీక్రెట్ గుర్తుందా ఫ్రెండ్స్" అని పోస్టు రాశాడు. కింద అందరూ చప్పట్లు. ఉండబట్టలేక, తడిగుడ్డతో సహా జరిగిందంతా రాశాను. వరసగా నవ్వే బొమ్మలు... "సెల్లమ్మ కామెడీ" అని ఒకడు!

ఫోన్ చేశాను. వాడూ నవ్వాడు. "నువ్వెప్పుడాడేవే? ఒక్కలైనా సూసేరా నిన్ను? మూడ్రోజులు కూకున్నాను, నాకు బాగా గుర్తు."

అబద్ధమాడుతుంటే కడిగేసేదాన్ని. వాడు ఆడట్లేదు... నిజంగానే నమ్ముతున్నాడు. పక్కనుంచి అమ్మ, "అది ఆ జోలికే ఎల్లేది కాదురా, బంగారం" అంది. మెచ్చుకుంటూ అంది. ఫోన్ పెట్టేసి ఏడ్చాను, నలభై దాటిన మనిషిని.

ఇప్పుడు మా అమ్మాయి ఫోన్‌లో ఆడుతుంది. గెలిచిన మరుక్షణం దాని పేరు తెర మీద పడుతుంది, ఎవరూ చూడక్కర్లేదు. మా రోజుల్లో చూసినవాళ్ళు ఉంటేనే గెలిచినట్టు...

మీరూ ఇలా చాటుగా ఏదైనా సాధించి, ఇంకొకరి పేరు మీద వదిలేసుకున్నారా? కింద రాయండి. పేరు పెట్టి మరీ రాయండి.

నా పేరు రాజేశ్వరి. ఆ గది కనిపెట్టింది నేను.