చిన్నమ్మ సగం

ఈ ఉదయం మార్కెట్ యార్డు గేటు దాటుతుంటే ఎవరో పసుపు కొమ్ము విరిచారు. టక్కుమంది. బాగా ఎండిన కొమ్ము విరిగినప్పుడు వచ్చే శబ్దం చిన్నదే. అయినా హమాలీల కేకల్లో, ట్రాలీల చప్పుడులో కలిసిపోదు. పలక మీద బలపం విరిగినట్టు విడిగా వినిపిస్తుంది. ఆ వెంటే మట్టీ మందూ కలిసినట్టుండే వాసన. పత్రికలో పని చేసిన ఇన్నేళ్లలో ఎన్నో శబ్దాలకు అలవాటుపడి వినడం మానేశాను కానీ దీనికి మాత్రం ఇప్పటికీ తల తిప్పుతాను. తిప్పితే గుంపులో ఒక మనిషి కోసం నా కళ్లు వెతుకుతాయి. ఆ మనిషి లేదని తెలిసీ వెతుకుతాయి.

ఆమె పేరు అనసూయ. ఆర్మూర్ బజారు మొత్తానికి చిన్నమ్మ. రైతు తెచ్చిన పసుపును ఖరీదుదారులకు చూపించి అమ్మిపెట్టే అడ్తి దుకాణం వాళ్లది. గద్దె మీద కూర్చుని మాట్లాడేది ఆమె భర్త. సరుకు చూసేది చిన్నమ్మ. బస్తా పైన కనబడే కొమ్ముల వైపు ఆమె కన్నెత్తి చూసేది కాదు. మోచేతి దాకా చెయ్యి లోపలికి దూర్చి, అడుగు నుంచి ఒక కొమ్ము లాగి, రెండు బొటనవేళ్ల మధ్య పెట్టి విరిచేది. శబ్దం వినేది, లోపలి రంగు చూసేది, అరచేతిలో రుద్దేది. నోటితో ఏమీ చెప్పేది కాదు. అరచేతిని కొంగుకు తుడుచుకుంటే సరుకు మంచిది. ఊరికే దులుపుకుంటే కాదు. గద్దె మీది భర్త అది చూసే ధర మాట్లాడేవాడు. ఆయన పోయాక గద్దె మీద కూడా ఆమే కూర్చుంది. అయినా చెయ్యి తుడుచుకునే అలవాటు మాత్రం మారలేదు.

“బస్తకు మూతి వేరు, కడుపు వేరు,” అనేది. “మూతి ఎప్పుడన్న తన గురించి చెడ్డగ చెప్పుకుంటదా?”

నేను అప్పట్లో కొత్త విలేకరిని. సాయంత్రాలు ధరలు రాసుకోవడానికి యార్డుకు వెళ్లి, చాయ్ కోసం ఆమె దుకాణంలో ఆగేవాణ్ని. ఒకరోజు హుషారుగా కాగితం మీద ఏదో గీస్తుంటే అడిగింది.

“ఏం రాస్తున్నవయ్యా పేపరాయనా, అంత నవ్వుకుంట?”

“ఈ సీజన్‌లోనే పెద్ద ధర పలికింది చిన్నమ్మా. అదే హెడ్డింగు.”

“ఎన్ని బస్తలకు?”

అది నేను అడగలేదు. ఆమె చాయ్ గ్లాసు నా ముందు నుంచి వెనక్కి జరిపింది.

“పోయి తెల్సుకొని రా, అప్పుడు తాగు. ఒక్క కుప్పకు వచ్చిన ధర యార్డంతటికి వచ్చినట్టు రాస్తే, రేపు పొద్దుగాల బాల్కొండ దిక్కు రైతు ట్రాలీ నింపుకొని వస్తడు. వచ్చి ఎవల మొకం జూస్తడు? నీ మొకం కాదు, నా మొకం.”

ఆ ధర వచ్చింది నిజంగానే ఒక్క కుప్పకు. మర్నాటి నుంచి నా ధరల వార్తలో రెండు మాటలు ఉండేవి: అన్నిటికన్నా ఎక్కువ ఎంత పలికింది, ఎక్కువ మందికి ఎంత దక్కింది. డెస్కులో వాళ్లు మొదట విసుక్కున్నారు. తర్వాత రైతులు అడగడం మొదలుపెట్టాక వాళ్లే పద్ధతిగా మార్చుకున్నారు.

ఇలాంటి మనిషికి రిమోట్ కార్ల పిచ్చి పట్టిందంటే ఎవరూ నమ్మరు. సీజన్ లేనప్పుడు యార్డులో పసుపు కుప్పలు పోసే వెడల్పాటి సిమెంటు దిమ్మెలు ఖాళీగా ఉంటాయి. మెడికల్ షాపు రమేశ్, ఇంకొందరు కుర్ర వ్యాపారులు ఆదివారాలు అక్కడ రిమోట్ కార్ల పందేలు పెట్టుకునేవారు. ఇవి పిల్లల బొమ్మలు కావు. మూరెడు పొడవు, జానెడు ఎత్తు, తూనీగలా దూసుకుపోతాయి. దిమ్మె మీద టైరు మరకలు పడుతున్నాయని తిట్టడానికి వెళ్లింది చిన్నమ్మ. తిట్లు అయ్యాక, “ఏదీ, గా డబ్బ ఇటియ్యి,” అని రిమోట్ అందుకుంది. కారు సూటిగా వెళ్లి కాటా కాలికి గుద్దుకుంది.

“గిది నా మాట ఇంటలేదు!”

“అది నీకెదురుగ వచ్చేటప్పుడు కుడి ఎడమైతది చిన్నమ్మా,” అన్నాడు రమేశ్.

“మా ఆయన గిట్లనే ఉంటుండె. ఎదురుగ వచ్చినప్పుడల్ల ఉల్టా.”

అందరూ నవ్వుతుంటే రెండోసారి నడిపింది. మూడో ఆదివారానికి ఆమె సొంత కారు వచ్చింది. రంగు చెప్పక్కర్లేదు, పసుపే.

అవన్నీ పెర్కిట్‌లో స్వప్న దుకాణం నుంచి వచ్చేవి. స్వప్న అక్కడ హైవే పక్కన మొబైల్ రిపేరు దుకాణం నడిపే అమ్మాయి. దుకాణంలో ఒక అల్మారా నిండా రిమోట్ కార్లు, వాటి బ్యాటరీలు. ఆమె, ఆమె తల్లి ఆ దుకాణం మీదే బతికేవారు. కొందరు మాత్రం ఫోన్లో చూసి బయటి నుంచి బ్యాటరీలు తెప్పించుకునేవారు, ఎంత కరెంటు పడుతుందో చెప్పే అంకె పెద్దగా ఉందని. అలా రమేశ్ తెప్పించిన ఒకదాన్ని చిన్నమ్మ చేతిలోకి తీసుకుని పైకీ కిందికీ ఊపి చూసింది. పసుపు నమూనాలు తూచే చిన్న కాటా మీద దాన్ని పెట్టింది. దింపి, స్వప్న దుకాణం బ్యాటరీని పెట్టింది. స్వప్న ఇచ్చినదాని మీద రాసిన అంకె తక్కువ, బరువు ఎక్కువ.

“లోపట సామాను ఉంటే బరువుండద్దా రమేశూ? గాలి మీద నడుస్తదా బండి?”

నడిపి చూశారు. బ్యాటరీ అయిపోవచ్చిందని కారులోని బజర్ కూసేదాకా తిప్పి, మళ్లీ చార్జింగు పెట్టి, లోపలికి ఎంత ఎక్కిందో చార్జరు మీద చూశారు. రమేశ్ బ్యాటరీ తన మీద రాసుకున్న అంకెలో సగం కూడా తాగలేదు. అట్ట మీద ఇంకో అంకె కూడా ఉంది, ఎంత వేగంగా కరెంటు ఇవ్వగలదో చెప్పేది. పెద్ద అక్షరాల్లో ఒకటి, దాని కింద చిన్న అక్షరాల్లో ఒకటి. పెద్దది కొద్ది క్షణాలు మాత్రమే ఇవ్వగలిగేదనీ, చిన్నదే నిలకడగా ఇచ్చేదనీ రమేశ్ చదివి చెప్పాడు. చిన్నమ్మ నా వైపు తిరిగి పగలబడి నవ్వింది.

“ఇంటున్నవా పేపరాయనా? ఒక్క కుప్ప ధర!”

అప్పటి నుంచి అందరూ స్వప్న దగ్గరే బ్యాటరీలు కొన్నారు. సీజన్ దగ్గరపడింది. దిమ్మెలు పసుపుతో నిండితే పందేలు ఆగిపోతాయి. ఆ ముందు ఆదివారం మేమంతా స్వప్న దుకాణానికి వెళ్లినప్పుడు ఆ అమ్మాయి ఒక మాట చెప్పింది. “కొన్ని నెలలు వాడకుంటే బ్యాటరీలు నిండ నింపి పెట్టద్దు. సగం చార్జిల, చల్లగున్న తావుల పెట్టుండ్రి.”

చిన్నమ్మ నవ్వింది. “బిడ్డా, ఆర్మూరోళ్లకు నిల్వ పెట్టుడు నేర్పుతున్నవా? సగం బస్త ఎవలన్న నిల్వ పెడ్తరా?”

మేమూ నవ్వాం. మా ఊళ్లో నిల్వ అంటే ఒక్కటే తెలుసు. బాగా ఎండాలి, బస్తా కుదించి నింపాలి, చెమ్మ తగలని వేడి చోట ఉండాలి. ధర వచ్చేదాకా తాళం తియ్యకూడదు. చిన్నమ్మ చెప్పినట్టే అందరి బ్యాటరీలూ నిండా చార్జి చేసి, రేకుల పెట్టెలో పేర్చి, ఆమె గోదాములో రేకుల కప్పు కింద గదిలో పెట్టి తాళం వేశారు. ఆ ఎండాకాలం ఎండలు మామూలుగా కాయలేదు.

మృగశిర వానలు పడ్డాక తాళం తీశారు. పెట్టెలో బ్యాటరీలన్నీ పూరీల్లా పొంగి ఉన్నాయి. రమేశ్ నాకు ఫొటోలు పంపి, వెంటనే ఫోన్ చేశాడు.

“అన్నా, పెర్కిట్ల నకిలీ బ్యాటరీల దందా. మేమందరం దుకాణం కాడికి పోతున్నం. రేపు పేపర్ల రావాలె.”

ఫొటోలు చూస్తే ఎవరికైనా నమ్మకం కలుగుతుంది. డెస్కుకు చెబితే, పొంగిన బ్యాటరీల పక్కన దుకాణం బోర్డు కూడా కనబడేలా ఒక ఫొటో కావాలన్నారు. మా ఊరి వంటి చోట అలాంటి ఫొటో ఒక్కటి పడితే ఆ షట్టరు మళ్లీ తెరుచుకోదు. నేను బయల్దేరుతుంటే చిన్నమ్మ మా గుమ్మంలో ఉంది. “ఆటో మాట్లాడు. నేను గూడ వస్త,” అంది.

దుకాణం ముందు అందరూ ఉన్నారు. కౌంటరు వెనక స్వప్న నిలబడి ఉంది. ఏడవడం లేదు, కానీ కౌంటరు అంచును రెండు చేతులా పట్టుకుంది. చిన్నమ్మ నేరుగా వెళ్లి పొంగిన బ్యాటరీ ఒకటి తీసుకుంది. అలవాటైన చేతులు కదా, రెండు బొటనవేళ్లూ మధ్యలో ఆనించింది.

స్వప్న కౌంటరు మీదుగా వంగి ఆమె మణికట్టు పట్టేసింది. “ఇరువకు చిన్నమ్మా! అంటుకుంటది!”

యార్డులో ఎంత పెద్ద ఖరీదుదారు కూడా చిన్నమ్మ చెయ్యి పట్టుకోగా నేను చూడలేదు. చిన్నమ్మ ఆ బ్యాటరీని కాసేపు చూసి, మెల్లగా స్వప్న చేతిలో పెట్టింది.

“మరి దీని కడుపు చూసుడెట్ల బిడ్డా?”

“మీకిచ్చినయి వచ్చిన డబ్బలనే ఇంకా కొన్ని మిగిలినయి. కంపెనీ నుంచి వచ్చినప్పటి లెక్కనే ఉన్నయి, సగం చార్జిల. నడిపి చూడుండ్రి.”

ఒకటి బయటికి తీశారు. అది పొంగలేదు. దాన్ని చార్జి చేసి కారులో వేసి దుకాణం పక్క ఖాళీ స్థలంలో తిప్పారు. రమేశే నడిపాడు, తప్పు దొరకాలన్నంత కసిగా. బజర్ కూయడానికి చాలాసేపు పట్టింది. మళ్లీ చార్జి పెడితే అట్ట మీది అంకెకు కొంచెం తక్కువగా ఎక్కింది. ముట్టుకుంటే గోరువెచ్చగా ఉంది, అంతే.

“మరి మావెందుకు పొంగినయి?” అన్నాడు రమేశ్. గొంతులో ఇంతకుముందున్న ఊపు లేదు.

స్వప్నకు జవాబు తెలుసు. చెప్పలేదు. చిన్నమ్మ చెప్పింది.

“నేను పొంగిచ్చిన. నింపుండ్రి అన్నది నేను. రేకుల కింద పెట్టుండ్రి అన్నది నేను. గీ పిల్ల సగమే అని చెప్తే నవ్విన. సామాను మంచిదే. మనం దాన్ని పసుపు అనుకున్నం.”

నేను కెమెరా సంచిలో పెట్టుకున్నాను. కానీ చిన్నమ్మ పని ఇంకా అయిపోలేదు. గోడ మీద కంపెనీ పంపిన రంగుల కాగితం వైపు వేలు చూపించింది. రాకెట్ వేగం, రెట్టింపు పవర్ అని ఉంది.

“రెట్టింపు అంటే, దేనికి రెట్టింపు?”

స్వప్న తెల్లబోయింది. “తెల్వదు చిన్నమ్మా. కంపెనీ అంటించుమన్నది.”

“తెల్వనిది గోడకెందుకు పెట్టినవు? మంచి సామాను నీది. దానికి గా మూతి ఎందుకు? తీసెయ్.”

స్వప్న స్టూలెక్కి కాగితం తీసేసింది. దిగేటప్పుడు నవ్వుతోంది. పొంగిన బ్యాటరీలన్నీ ఆమే జాగ్రత్తగా ఇసుక బకెట్లోకి సర్దుకుంది. రమేశ్ కొత్తవాటికి ఆర్డరు చెప్పి, “చిన్నమ్మా, నీ గోదాముకు మాత్రం ఇయ్యం,” అన్నాడు. “ఇచ్చినా తీసుకోను పో,” అంది ఆమె.

తిరుగు ఆటోలో నేను ఆలోచించింది ఇది. పొంగిన బ్యాటరీలు, గోడ మీద గొప్పలు: ఈ రెంటినీ కలిపి నేను మోసం అని రాసేవాణ్ని. గొప్పలు చెప్పుకున్నది దుకాణం కనుక పొంగిన తప్పు కూడా దానిదే అనుకునేవాణ్ని. చిన్నమ్మ దేనికది విడిగా తూచింది. ఒక చోట దుకాణం తప్పు లేదని ఒప్పుకుంది, ఇంకో చోట ఉందని అదే నోటితో చెప్పింది. ముందు తన తప్పు ఒప్పుకుంది కాబట్టే రెండో మాటకు స్వప్న నొచ్చుకోలేదేమో.

ఎండాకాలంలో ఇలాంటి బ్యాటరీలు ఎలా దాచాలో, అట్ట మీది అంకెల్లో ఏది చూడాలో లోపలి పేజీలో చిన్న వార్త రాశాను. చిన్నమ్మ తన పేరు వెయ్యమంది. ఆమె తప్పు అచ్చులో పడడం ఇష్టం లేక నేను ‘ఆర్మూర్‌కు చెందిన ఒక వ్యాపారి’ అని రాశాను. మర్నాడు చాయ్ ఇచ్చింది గానీ, “నా పేరు మింగినవు కదా,” అని చాన్నాళ్లు దెప్పింది. పేపర్లో పడకపోతేనేం, ఊళ్లో పడింది. సీజన్ ముందు బ్యాటరీలను సగం చార్జిలో పెట్టి ఉంచడాన్ని రమేశ్ బృందం ‘చిన్నమ్మ సగం’ అనడం మొదలుపెట్టింది. వెక్కిరింపుగానే పుట్టిన మాట. ఆమెకు అది తెగ నచ్చింది. కొత్తవాళ్లెవరైనా వస్తే, “నేనే గా చిన్నమ్మను,” అని తనే చెప్పుకునేది.

ఆమె పోయినేడు వానాకాలంలో వెళ్లిపోయింది. నిండుగా బతికి, నిద్రలోనే. పసుపు కారు ఇప్పుడు స్వప్న దుకాణంలో గాజు అల్మారాలో ఉంది. అమ్మకానికి కాదు.

ఈ ఉదయం కొమ్ము విరిగిన చోటి నుంచి ముందుకు నడిస్తే, దిమ్మె చివర రమేశ్ వాళ్లు సామాన్లు సర్దుకుంటున్నారు. మొదటి ట్రాలీలు దిగుతున్నాయి, ఇక పందేలు బందు. డిచ్‌పల్లిలో చదువుకుంటూ ఈ మధ్యే ఆటలో చేరిన ఒకతను చార్జరు ముందు కూర్చుని ఉన్నాడు.

“ఎంత పెట్టినవ్?” అని రమేశ్ అటు నుంచి కేకేశాడు.

“చిన్నమ్మ సగం,” అన్నాడతను, తల ఎత్తకుండా. ఆ మాట చార్జరుతో పాటే వచ్చినట్టు అన్నాడు. ఏ చిన్నమ్మో అతనికి తెలియదు. చెబుదామని నోరు తెరిచాను. ఈలోగా చార్జరు కూసింది, అతను తీగలు విప్పి బ్యాటరీలను చల్లటి మట్టికుండలో సర్దే పనిలో పడ్డాడు.

పక్కన దింపుతున్న బస్తాలో మోచేతి దాకా చెయ్యి పెట్టి అడుగు నుంచి ఒక కొమ్ము తీశాను. విరిచాను. టక్కుమంది. అరచేతిలో రుద్ది, చెయ్యి చొక్కాకు తుడుచుకున్నాను.