మా మరిది చదివిన బోర్డులు

ఆ వేసవి గుర్తొస్తే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. కోపం చల్లబడ్డాక రాయమన్నారు మావారు. చల్లబడేదాకా ఆగితే ఈ జన్మకి రాయను. అందుకని మంట మీదే రాస్తున్నాను.

మా చెల్లెలి కుటుంబం టెక్సాస్‌లో ఉంటుంది. పోయినేడు జులైలో చెల్లెలు, మరిది, వాళ్ళ ఆరేళ్ళ పాప ఇంగ్లండులోని బేసింగ్‌స్టోక్‌లో మా ఇంటికి పది రోజులకని వచ్చారు. వెళ్ళేటప్పుడు మా అమ్మాయిని తమతో తీసుకెళ్ళాలని ఏర్పాటు. దానికి పన్నెండేళ్ళు. బడికి ఆరు వారాలు సెలవులు, మాకిద్దరికీ ఆఫీసులు. పిన్ని దగ్గర మూడు వారాలు ఉండి వస్తానని ఏడాదిగా నా ప్రాణం తీస్తోంది. వాళ్ళు దిగేసరికే సూట్‌కేసు సగం సర్దేసుకుంది.

పాప సంగతి చెప్పాలి. అంత ముద్దొచ్చే పిల్ల ఇంకొకతె లేదు. దిగిన రోజే తన పుట్టినరోజు నెల, తేదీ, సంవత్సరంతో సహా నాకు అప్పజెప్పింది. పక్కింటావిడకి చెప్పింది. సూపర్‌మార్కెట్‌లో బిల్లు కొట్టే అమ్మాయికి కూడా, అడక్కుండానే చెప్పింది. అందరం నవ్వుకున్నాం.

రెండో రోజు టౌన్‌లోకి వెళ్ళాం. ప్రతి షాపు ముందూ మా మరిది ఆగిపోతున్నాడు. తలుపు అద్దం మీద అంటించినవన్నీ పైనుంచి కిందికి చదివితే గానీ లోపల అడుగు పెట్టడం లేదు. తెరిచే వేళలు, కుక్కల్ని తేవద్దని, సీసీటీవీ ఉందని, ఏదీ వదలడు. ఇంకోటి, కారు దిగగానే కుడిచెయ్యి నడుము దగ్గరికి వెళ్తుంది. అక్కడేమీ దొరక్క వెనక్కి వచ్చేస్తుంది.

"ఏమండీ, నడుం పట్టేసిందా? జీపీ డాక్టరు అపాయింట్‌మెంట్ దొరికేసరికి మీరు టెక్సాస్‌లో ఉంటారు మరి," అన్నాను.

"అబ్బే, అలవాటు వదినా. అక్కడ నా పిస్టల్ ఉంటుంది," అన్నాడు. కళ్ళజోడు ఇంట్లో మర్చిపోయాను అన్నంత మామూలుగా అన్నాడు మహానుభావుడు. మా అమ్మాయి "ఓ మై డేస్!" అని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. మా ఊళ్ళో పోలీసు నడుముకే పిస్టల్ కనిపించదు. ఇదెక్కడి గోల దేవుడా అనుకున్నాను.

సాయంత్రం టీ దగ్గర అడిగాను. అడగడమే ఆలస్యం, మొదలుపెట్టాడు. "లైసెన్స్ ఉంది వదినా. క్లాసుకెళ్ళాను, పరీక్ష రాశాను, గురి చూసి కాల్చి పాసయ్యాను. బట్టల కింద పెట్టుకుని తిరగొచ్చు. కానీ అన్ని చోట్లకీ కాదు. బళ్ళోకి కుదరదు. కోర్టులోకి కుదరదు. ఎయిర్‌పోర్టులో చెకింగ్ దాటాక కుదరదు. ఓట్లేసే రోజు పోలింగ్ బూత్‌లోకి కుదరదు. సగానికి పైగా రాబడి మందు మీదే వచ్చే బారైతే కుదరదు, దానికి ఎర్ర బోర్డు ఉంటుంది. మామూలు షాపువాడు వద్దనుకుంటే వాడూ బోర్డు పెట్టాలి. ఇంగ్లీషులో, స్పానిష్‌లో, అక్షరం అంగుళం ఎత్తుండాలి. చిన్న అక్షరాలైతే ఆ బోర్డు చెల్లదు."

"మరి గుడికి?"

"వాళ్ళు వద్దని చెప్పకపోతే తీసుకెళ్ళొచ్చు."

"ఆ బార్ల దగ్గర ఎర్ర బోర్డు సరే. పూజారిగారు కూడా అక్షరాలు టేపు పెట్టి కొలుచుకోవాలా ఏమిటి?" అన్నాను. మావారు నా కాలు తొక్కారు. మా మరిది నవ్వాడు. ఆ నవ్వు చూసి నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"సరే, ఇంట్లో ఎక్కడుంటుంది?" అన్నాను. నాకు కావలసిన సంగతి అదొక్కటే. మా అమ్మాయి మూడు వారాలు పడుకునేది ఆ ఇంట్లో.

"ఇనప పెట్టెలో, తాళం వేసి. పిల్లలకి అందకూడదని అక్కడా చట్టం ఉంది వదినా, మేమేం అడవి మనుషులం కాదు. తాళంచెవి ఎవరూ ముట్టుకోని చోట ఉంది. మా ఇద్దరికే తెలుసు."

మా ఆఫీసులో నా పక్క సీటాయన ఊరి చివర ఉంటాడు, పక్షుల్ని కొట్టే తుపాకీ ఉంది. దాని కోసం పోలీసులు ఇంటికొచ్చి, గోడకి బిగించిన ఇనప బీరువా చూసి వెళ్ళారు. తాళంచెవి ఎక్కడుందో ఆయన భార్యకి కూడా తెలియకూడదట. ముప్పై ఏళ్ళ కాపురం, ఇప్పటికీ తెలియదట. ఆ మాటే చెప్పాను. అంతే, అప్పటిదాకా ఊరుకున్న మా చెల్లెలు లేచింది.

"నీకు ప్రతిదీ గొడవేనక్కా! మా వీధిలో తలుపులు పగలగొట్టి ఇంట్లో పడ్డారు, తెలుసా? అది కొన్నాకే నాకు నిద్ర పట్టింది. ఆ ఇంట్లో నా పిల్ల పెరగడం లేదా? నీ పిల్ల ఒక్కతే పిల్లా?"

నోరు మూసుకున్నాను. నేను నోరు మూసుకున్న రోజులు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. వాటిలో సిగ్గుపడాల్సింది అదే. చెల్లెలు నొచ్చుకుంటుందని నా కూతుర్ని పంపడానికి ఒప్పుకున్నాను. నా బుద్ధి గడ్డి తింది.

బయల్దేరే రోజు పొద్దున సూట్‌కేసులన్నీ కార్లో పెట్టేశాం, మా అమ్మాయిది అన్నిటికన్నా పైన. హీత్రూ ఎయిర్‌పోర్టుకి మావారు తీసుకెళ్తారు. చెల్లెలికి జాకెట్టు ముక్క పెట్టి బొట్టు పెట్టాలి కదా, కుంకుమ తేవడానికి లేచాను. పాప నాకన్నా ముందు లేచింది.

"ఐ విల్ డూ ఇట్ పెద్దమ్మా! ఇట్స్ మై జాబ్!"

నిజంగానే దాని పని అది. వాళ్ళింటికి ఏ ఆడమనిషి వచ్చినా బొట్టు పెట్టేది పాపే. మూడేళ్ళప్పుడు నేర్పింది మా చెల్లెలు. శుక్రవారాలు వీడియో కాల్‌లో చూపించి ఎంత మురిసిపోయేదో! మా దేవుడి గూడు వంటింట్లో, బాయిలర్ పక్క అలమరలో ఉంది. అక్కణ్ణుంచి కుంకుమ భరిణె రెండు చేతులా పట్టుకుని జాగ్రత్తగా తెచ్చింది. మూత తీసింది. తీసి, బొట్టు పెట్టలేదు. చూపుడువేలు అడుగుదాకా గుచ్చి గుండ్రంగా తిప్పింది. కుంకుమ కార్పెట్ మీద పడింది.

"ఏం చేస్తున్నావే బంగారం?"

"వేరీజ్ యువర్ కీ, పెద్దమ్మా?"

"ఏం కీ అమ్మా?"

"డాడీ బాక్స్ కీ. ఇట్స్ ఆల్వేస్ ఇన్ ద కుంకుమ. ఐ టేక్ ఇట్ అవుట్, దెన్ ఐ పుట్ ఇట్ బ్యాక్. ఐ నెవర్ ఫర్‌గెట్." మెచ్చుకుంటానని నా మొహంలోకి చూసింది.

మా చెల్లెలి మొహంలో నెత్తురు చుక్క లేదు. "అది అమ్మమ్మ పాత భరిణె కదే! పండక్కి తప్ప దాన్ని ఎవరూ ముట్టుకోరే! నీ బొట్టు భరిణె వేరే ఉందిగా!" అంది.

"మై వన్ గెట్స్ ఎంప్టీ, మామీ. సో ఐ ఫిల్ ఇట్ ఫ్రమ్ ద ఓల్డ్ వన్."

తన చిన్న భరిణె అయిపోయినప్పుడల్లా పెద్దదాంట్లోంచి నింపుకుంటోంది పిల్ల. నింపుకోక ఏం చేస్తుంది? బొట్టు పెట్టే పని దానిదే అని నేర్పి, కుంకుమలో తాళంచెవి దాచారు! ఇంట్లో ఇంకెక్కడా చోటు లేనట్టు, ఆ పిల్ల చెయ్యి వెళ్ళే చోటే వెతికి మరీ దాచారు.

మా మరిది మోకాళ్ళ మీద కూర్చున్నాడు. "నాన్నా, నువ్వెప్పుడైనా ఆ బాక్స్ తెరిచావా? డిడ్ యూ ఎవర్ ఓపెన్ ఇట్?"

పాప తండ్రిని చూసింది, తల్లిని చూసింది. తప్పు చేశానేమో అని అప్పుడు అనుమానం వచ్చింది దానికి. "ఓన్లీ వన్స్," అంది. తరవాత నా వైపు తిరిగి, "ఇట్స్ వెరీ హెవీ, పెద్దమ్మా," అంది.

ఆ బరువు ఆ చేతులకి తెలుసు! ఇక నాకు మీరూ మర్యాదా గుర్తు లేవు.

"క్లాసుకెళ్ళావు కదయ్యా! పరీక్ష రాశావు కదా! బళ్ళోకి వద్దు, బార్లోకి వద్దు అని అప్పజెప్పావు కదా! ఊళ్ళో ప్రతి తలుపు దగ్గరా ఆగి బోర్డు చదువుతావే, నీ కూతురు చెయ్యి పెట్టే చోటు నీకు కనపళ్ళేదా? దేవుడి గూట్లో ఎన్ని అంగుళాల అక్షరాలతో రాయాలిరా నీకు?"

అతను తలెత్తలేదు. నేను బయటికి వెళ్ళి కారు డిక్కీ తెరిచి మా అమ్మాయి సూట్‌కేసు కింద పడేశాను. మావారు అడ్డు రాలేదు. చెల్లెలు ఏడుస్తూ వచ్చి కార్లో కూర్చుంది, నుదుట బొట్టు లేకుండానే. "పాపని నా దగ్గర ఉంచి వెళ్ళవే, ఆ దరిద్రాన్ని ఇంట్లోంచి తీసేశాక వచ్చి తీసుకెళ్దువుగాని," అని కిటికీ దగ్గర బతిమాలాను. నేను, బతిమాలాను! అది తల అడ్డంగా ఊపింది. వెనక సీట్లోంచి పాప ఎర్రటి వేలు ఊపుతూ బై చెప్పింది.

సూట్‌కేసు మేడ మీదికి మోసుకెళ్తూ మా అమ్మాయి మెట్ల మధ్యలో ఆగింది. వెళ్ళనివ్వనందుకు రాద్ధాంతం చేస్తుందనుకున్నాను. "మమ్, యూ స్టాప్డ్ మీ. హూస్ గోయింగ్ టు స్టాప్ హర్?" అంది. నన్నాపావు సరే, దాన్నెవరు ఆపుతారని. నా నోటికి జడిసే బంధువులు మూడు దేశాల్లో ఉన్నారు. నేనేమో వంటింట్లోకి వెళ్ళి కార్పెట్ తుడిచే గుడ్డ వెతికాను.

రెండు నెలలకి పైగా మా చెల్లెలు నాతో మాట్లాడలేదు. దసరాకి ఫోన్ చేసింది. గొంతులో హుషారు. కొత్త పెట్టె కొన్నారట. తాళంచెవే లేదట. అంకెలు నొక్కితే తెరుచుకుంటుందట, ఇక కుంకుమతో పనే లేదట.

"అంకెలు ఎవరు పెట్టారే?"

"ఆయనే. ఎప్పటికీ మర్చిపోనివి పెట్టానన్నారు."

"ఒసేయ్, పాప పుట్టినరోజు కాదు కదా?"

వాళ్ళ హాల్లో పాప ఎవరికో బొట్టు పెడుతూ మాట్లాడుతున్నట్టుంది, ఆ గొంతు ఒక్కటే వినపడుతోంది.

"ఉండక్కా," అని మా చెల్లెలు ఫోన్ పెట్టేసింది.