ఫారంలో గడి లేని అద్దం

ఏలూరు వైపు ఒక రవాణా కార్యాలయానికి నేను మోటారు వాహనాల తనిఖీ అధికారిగా బదిలీ అయి వచ్చింది కరోనా సద్దుమణిగిన మరుసటి ఏడాది, శ్రావణమాసం మొదట్లో. అదే నా చివరి పోస్టింగు. అప్పటికి సర్వీసులో ముప్పై ఏళ్లు నిండాయి. కాగితం మీద మా హోదా పేరు పొడుగే గానీ జనం నోట్లో మేము బ్రేక్ ఇన్‌స్పెక్టర్లమే. లైసెన్సు పరీక్ష పెట్టేది మేమే, లారీకి ఫిట్‌నెస్ ఇచ్చేది మేమే, రోడ్డు మీద మనిషి పోతే ఆ బండిని చూసి రిపోర్టు రాసేదీ మేమే. ఈ మూడో పని గురించి బయటివాళ్లకు పెద్దగా తెలియదు. నేను చెప్పబోయేది దాని సంగతే.

ప్రాణం పోయిన ప్రమాదమైతే పోలీసులు బండిని స్టేషనుకు తరలించి మాకు లేఖ పంపుతారు. మేము వెళ్లి ఛాసిస్ నంబరు సరిచూసి, దెబ్బలు ఎక్కడెక్కడ తగిలాయో రాసుకుని, బ్రేకు, టైరు, హెడ్‌లైటు, హారను ఒక్కొక్కటే పరీక్షిస్తాం. ఫారంలో ప్రతిదానికీ ఒక గడి ఉంటుంది. అన్నిటికంటే కింద ‘అభిప్రాయం’. అక్కడ మేము చాలామటుకు ఒకే వాక్యం రాస్తాం: ‘ఈ ప్రమాదం వాహనంలోని యాంత్రిక లోపం వల్ల జరిగినది కాదు.’ చూడ్డానికి ఎవరి జోలికీ పోని వాక్యంలాగే ఉంటుంది. కోర్టు మెట్లెక్కేసరికి దానికి అర్థం మారుతుంది. లోపం బండిది కాకపోతే ఇక నడిపినవాడిదే కదా!

నేను చేరిన నెలలోనే కొల్లేటి లంకల్లో ఒక ప్రభుత్వ పాఠశాలలో రోడ్డు భద్రత సదస్సు పెట్టారు. ఊరి పేరు రాయను. ఏలూరు నుంచి ఆకివీడు వైపు వెళ్తుంటే రోడ్డుకు రెండు పక్కలా చేపల చెరువులే, ఆ చెరువుల నడుమ ఉంటుందా ఊరు. ముఖ్య అతిథిని నేను. అలాంటి చోట్ల నాకు హుషారెక్కువ. మైకు చేతికొస్తే నన్ను ఆపడం కష్టమని మా ఆవిడ ఇప్పటికీ అంటుంది. హెల్మెట్ పెట్టుకోకపోతే ఏమవుతుందో పిల్లలకు కళ్లకు కట్టినట్టు చెప్పి, ఇంక ఎవరికైనా సందేహాలుంటే అడగమన్నాను.

వెనకనుంచి లెక్కల మాస్టారు లేచారు. సుబ్రహ్మణ్యశర్మ గారు, అందరూ శర్మ మాస్టారు అంటారు. ఏలూరులో పౌరోహిత్యం చేసుకునే కుటుంబం, నలభై ఏళ్లు దాటిన సన్నపాటి మనిషి. రోజూ ఏలూరు నుంచి బండి మీదే వచ్చిపోతారు. చేతులు కట్టుకుని అడిగారు.

“హెల్మెట్ మానకుండా పెట్టుకుంటన్నానండి. కాకపోతే పొద్దున్న వచ్చేటప్పుడు సూర్యుడు ఎదరే, సాయంత్రం వెళ్లేటప్పుడూ ఎదరేనండి. ఆకాశంలోంచి ఒకటి, చెరువుల్లోంచి ఒకటి, రెండు సూర్యుళ్లు కొడతన్నట్టు ఉంటందండి. హెల్మెట్ అద్దం పైకెత్తితే పురుగులు కళ్లలో పడతన్నాయి. దించితే గీతలన్నీ మెరిసి ఏమీ కనపడట్లేదండి. ఏం చెయ్యమంటారు?”

సర్వీసు మొత్తంలో నన్నెవరూ అడగనంత మంచి ప్రశ్న అది. అది నాకు అప్పుడు తెలియలేదు. నేను నవ్వి, “అయితే కాపురం ఆకివీడు మార్చెయ్యండి మాస్టారూ, సూర్యుడు మీ వెనకాలే తిరుగుతాడు” అన్నాను. పిల్లలు గొల్లుమన్నారు. ఆ ఊపులోనే, “కాదంటే నల్లద్దం బిగించుకోండి, సినిమా హీరోలా ఉంటారు” అన్నాను. ఇంకా నవ్వారు. మాస్టారు కూడా నవ్వి, “సరేనండి, తప్పకుండా బిగిస్తానండి” అని కూర్చున్నారు.

ఆ మధ్యాహ్నం నాకు అక్కడే భోజనం. బడిలో వంట చేసే నాగమణి వడ్డించింది. ఆమె భర్త వెంకన్న రోజూ పొద్దున్నే మెయిన్ రోడ్డుకు వెళ్లి, పిల్లల వంటకు కావలసిన కూరగాయలు సైకిలు మీద తెచ్చిపెడతాడు. ఆ రోజు నా కోసం ప్రత్యేకంగా అరిటాకు కోసుకొచ్చి, “బ్రేకినిస్‌పెట్టరుగారికి కంచంలో పెడతామేంటండి” అన్నాడు. మొహమాటపెట్టి మరీ రెండోసారి చారు పోయించాడు.

మార్గశిరంలో ఒక సోమవారం పోలీసు స్టేషను నుంచి లేఖ వచ్చింది. మోటారు సైకిలు వెనకనుంచి సైకిలును గుద్దింది, సైకిలు మీద మనిషి అక్కడికక్కడే పోయాడు. నడిపిన వ్యక్తి పేరు చూశాను. పోయిన వ్యక్తి పేరు చూశాను. రెండూ తెలిసిన పేర్లే. శర్మ మాస్టారు, వెంకన్న.

మర్నాడు పొద్దున్నే స్టేషనుకు వెళ్లేదారిలో ఆ చోటు దగ్గర జీపు ఆపించాను. రోడ్డు తూర్పుకు సూటిగా ఉంది. మైళ్ల పొడుగునా చెరువుల తళతళే. ఆ తళతళలోంచి రోడ్డు ఉన్నట్టుండి నిద్రగన్నేరు చెట్ల వరుస కిందికి దూరుతుంది. ఊరికి ముందు రోడ్డు మీద నీడ ఉన్నది ఆ కాస్త దూరమే. వెంకన్న పడ్డచోట సున్నంతో గీత గీశారు. నీడ మొదలైన దగ్గరనుంచి ఆ గీత దాకా అడుగులు లెక్కపెట్టాను. నలభై. గట్టున ఒక బెండకాయ దొర్లి ఉంది. దాన్నెవరూ తియ్యలేదు.

స్టేషను ఆవరణలో బండిని పరీక్షించాను. వెనక బ్రేకు పట్టుతోంది, ముందు బ్రేకు పట్టుతోంది. టైర్లు కొత్తవి. ముందు ఫోర్కు వంగింది, అది గుద్దడం వల్ల వచ్చిన వంకరే. మాస్టారు బండిని పూజసామానులా చూసుకుంటారని దాని వాలకమే చెబుతోంది. అన్ని గడులూ నింపాను. అప్పుడు కానిస్టేబుల్ ఒక సంచిలోంచి హెల్మెట్ తీసి, “ఇది కూడా చూస్తారాండి?” అన్నాడు.

నల్లద్దం. బాగా చిక్కటిది. నేను చెప్పిన నల్లద్దం.

చూడక్కర్లేదు అని ఉంటే పోయేది. నా చెయ్యి ఊరుకోలేదు. తీసుకుని తలకు పెట్టుకున్నాను. తొమ్మిది కూడా కాలేదు, ఎండ ఏటవాలుగానే ఉంది. అద్దం దించి ఎండకేసి కాసేపు నిలబడ్డాను. నిజంగానే హాయిగా ఉంది, కళ్లు చల్లబడ్డాయి. అలాగే తిరిగి, పట్టుకొచ్చిన బళ్లను పెట్టే షెడ్డులోకి చూశాను. అక్కడొక ట్రాక్టరు ఉందని నాకు తెలుసు, లోపలికి వచ్చేటప్పుడే చూశాను. కనపడలేదు. ఒకటి, రెండు, మూడు, నాలుగు అని లెక్కపెట్టాను. నాలుగుకు దాని పెద్ద చక్రం లీలగా తేలింది.

నలభై కిలోమీటర్ల వేగంలో బండి నాలుగు లెక్కపెట్టేలోగా నలభై మీటర్లు దాటిపోతుంది. నేను నడిచింది నలభై అడుగులు, అంటే ముప్పై మీటర్లు కూడా కాదు. ఆ మాత్రం లెక్క లెక్కల మాస్టారికీ వచ్చు, నాకూ వచ్చు. వెలుతురులోంచి నీడలోకి వచ్చిన కంటికి సర్దుకోవడానికి కొంత వ్యవధి కావాలి. దాని మీద నల్లద్దం ఉంటే ఆ వ్యవధి రెట్టింపవుతుంది. నల్లద్దం నడి ఎండకు తప్ప ఎండా నీడా కలిసిన దారికి పనికిరాదు. గీతలు పడితే తెల్లద్దమే కొత్తది వేయించుకోవాలి, చొక్కా అంచుతో తుడవకుండా నీళ్లతో కడగాలి, ఎదురెండలో గడ్డం కాస్త దించి హెల్మెట్ అంచు నీడ కళ్ల మీద పడేలా చూసుకోవాలి, నీడ కనపడగానే దానికి ముందే వేగం తగ్గించాలి. ఇవన్నీ ఆ రోజు మైకు ముందు నేను చెప్పవలసిన మాటలు. రెండు నిమిషాలు పట్టేవి. నేను హాస్యమాడాను.

హెల్మెట్ కానిస్టేబుల్ చేతికిచ్చాను. ఫారంలో హెల్మెట్‌కు గడి లేదు. హెల్మెట్ వాహనంలో భాగం కాదు. ‘యాంత్రిక లోపం వల్ల జరిగినది కాదు’ అని రాసి సంతకం పెట్టాను. ముప్పై ఏళ్ల అలవాటు మరి.

మాస్టారి మీద నిర్లక్ష్యంగా బండి నడిపి ప్రాణం తీసిన కేసు పెట్టారు. ఉద్యోగంనుంచి సస్పెండు చేశారు. ఊళ్లో తలో మాటా అన్నారు. ఫోను మాట్లాడుతున్నాడని ఒకరు, పొద్దున్నే ఎక్కడో తాగాడని ఇంకొకరు. సంధ్యావందనం చెయ్యకుండా పచ్చి మంచినీళ్లు ముట్టని మనిషి! నేను విన్నాను, ఏమీ అనలేదు. నాకేం పని అనుకున్నాను. నిజానికి భయపడ్డాను. నల్లద్దం సంగతి ఎత్తితే అది ఎవరు బిగించుకోమన్నారన్న ప్రశ్న వస్తుంది. బడి మొత్తం సాక్ష్యం.

రిటైర్‌మెంటుకు మూడు నెలల ముందు కోర్టునుంచి సమన్లు వచ్చాయి. తనిఖీ అధికారి సాక్ష్యం ఐదు నిమిషాల పని. రిపోర్టు నాదేనని, సంతకం నాదేనని, బండిలో లోపం లేదని చెప్పాను. మాస్టారి తరఫు వకీలు కుర్రవాడు గానీ తెలివైనవాడు. “ముద్దాయి పెట్టుకున్న హెల్మెట్ అద్దం వల్ల చూపు ఆనకపోయే అవకాశం ఉందా?” అని అడిగాడు. ఉందని ఒక్క మాటంటే సరిపోయేది. శిక్ష తప్పేదని చెప్పలేను. మాస్టారు ఒట్టి నిర్లక్ష్యపు మనిషి కాదని మటుకు కాగితం మీదికెక్కేది.

“హెల్మెట్ మా తనిఖీ పరిధిలోకి రాదండి” అన్నాను.

అది నిజం. ఒక్క అక్షరం అబద్ధం లేదు.

వరండాలోకి వస్తే నాగమణి ఎదురైంది. ఆమెను కూడా సాక్షిగా పిలిచారు. నన్ను గుర్తుపట్టి దండం పెట్టింది. ఆమె అడిగిన మాటలు ఇప్పటికీ నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తున్నాయి.

“ఏవండీ, మాస్టారికి మా ఆయన కనపడలేదంటండి. కాళ్ల మీద పడి ఏడ్చి చెప్పారండి. నేను నమ్మేనండి. బంగారంలాంటి మనిషండి ఆయన. కానీ అంత పొద్దెక్కేక, తిన్నటి రోడ్డు మీద ఎందుకు కనపడలేదో ఎవరూ చెప్పట్లేదండి. ఊళ్లో అందరూ తాగేడు తాగేడంటన్నారు. మీరు బండి చూశారు కదండి. మీకు తెలుస్తది. ఒక్క ముక్క చెప్పండి.”

“బండి బాగానే ఉందమ్మా” అన్నాను.

“అయితే మనిషిదే తప్పన్నమాట” అంది. అని వెళ్లి దూరంగా కూర్చుంది. అప్పటిదాకా మాస్టారి పక్క బల్ల మీదే కూర్చుందని తర్వాత తెలిసింది. ఆ రోజునుంచి ఆయనతో మాట్లాడలేదట. మనిషి మీద మిగిలిన ఆ కాస్త నమ్మకాన్నీ నేనే, నా నోటితోనే తీసేశాను. ఛీ, అంతకన్నా ఏం చెప్పను!

మాస్టారు గేటు దగ్గర కనపడ్డారు. తప్పించుకుపోదామనుకున్నాను, ఆయనే వచ్చి నమస్కారం పెట్టారు. సగానికి సగమైపోయారు. ఆపుకోలేక అడిగాను, నల్లద్దం బిగించుకోమన్నది నేనేనని వకీలుకు ఎందుకు చెప్పలేదని. ఆయన ఆ ప్రశ్నకు నొచ్చుకున్నట్టు చూశారు.

“ఎంతమాటండీ! పిలిస్తే వచ్చిన పెద్దమనిషి మీరు. నా మంచికే చెప్పారు. పదిమందిలో అన్న మాటని కోర్టులో పెట్టి మిమ్మల్ని నిలబెడతానా అండి? మీరు మటుకు ఏం అబద్ధం చెప్పారండి, ఉన్నదే చెప్పారు.”

దెప్పుతున్నారేమోనని మొహం చూశాను. లేదు. ఆయన మర్యాద అది. ఈ గోదావరి నీళ్లు తాగిన మర్యాద. నా మర్యాద కాపాడటానికి ఆయన నోరు మూసుకున్నారు, నేను కూడా దాన్ని కాపాడుకోవడానికే మూసుకున్నాను. రెండూ ఒకటి కావు.

శిక్ష పడింది. అప్పీలు నడుస్తోంది, మాస్టారు బయటే ఉన్నారు గానీ బడికి మళ్లీ వెళ్లలేదు. ఇప్పుడాయన బండి ఎక్కరని, ఎటు వెళ్లినా నడిచే వెళ్తారని విన్నాను. నేను రిటైరయ్యాక ఒకసారి వకీలును కలిసి నల్లద్దం సంగతంతా రాసిస్తానన్నాను. సాక్ష్యం ముగిశాక, అదీ మాజీ ఉద్యోగి రాసిన కాగితానికి విలువ తక్కువన్నాడు. తీసుకుని ఫైల్లో పెట్టాడు. నాగమణి దగ్గరికి కూడా వెళ్లాను. జరిగింది జరిగినట్టు చెప్పాను. ఆమె అంతా విని, “అప్పుడు అడిగేను కదండి” అంది. నాలుగు నిమిషాలు నిలబడి వచ్చేశాను.

సర్వీసు చివరి మూడు నెలల్లో లైసెన్సు పరీక్షకు వచ్చిన ప్రతి ఒక్కరినీ, రోజూ ఎటునుంచి ఎటు వెళ్తావు, ఏ వేళకు, దారిలో నీడ ఎక్కడుంది అని అడిగాను. ముసలాడికి చాదస్తం పట్టిందని ఆఫీసులో నవ్వుకున్నారు. అడగడం మంచిదే. దానివల్ల వెంకన్న విషయంలో ఒరిగింది ఏమీ లేదు.

ఈ వృత్తిలోకి వచ్చేవాళ్లకు నేను చెప్పగలిగేది ఒకటుంది. ఫారంలో గడి లేదని నేను అన్నది నిజమే. కానీ ‘అభిప్రాయం’ అన్న మాటకు కింద, సంతకానికి పైన, రెండు వేళ్ల వెడల్పున ఖాళీ ఉంటుంది. ఆ ఖాళీలో రెండు వాక్యాలు పడతాయి. అన్నేళ్ల సర్వీసులో అక్కడ రాయొద్దని నాకెవరూ చెప్పలేదు.