నా సీటు అంగట్లో పోయింది

మా నాయన ఇప్పటికీ అనే మాట ఒకటే. "ఆ సారు మనోడేమ్మా." అది ఇన్నప్పుడల్లా నాకు అరికాలి మంట నెత్తికెక్కుతాది.

మాది కోయిలకుంట్ల. నాయనకు ఎరువుల అంగడుండాది. ఆ సారు ఒక ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీలో లెక్చరరు. ఏండ్లుగా తన సేనికి మా అంగట్లోనే ఎరువులు కొంటాడు. ఎండాకాలమొస్తే ఆయన పాఠాలు పక్కన పెట్టి, ఇండ్లిండ్లూ తిరిగి పిల్లోళ్ళను కాలేజీకి పట్టుకురావాల. లేకుంటే జీతం ఆపుతారంట. మా పక్క ఇది అందరికీ తెలుసు, ఎవురికీ తప్పనిపించదు.

నాకు ఎంసెట్‌లో మంచి ర్యాంకే వచ్చింది. కర్నూలు సర్కారు కాలేజీలో కంప్యూటర్ సీటు ఖాయమని మా టీచర్లంతా అన్నారు. ఆన్‌లైన్లో నేను కాలేజీలు ఎంచుకోవాల్సిన పొద్దే, అమ్మ నన్ను ఒంటిమిట్టకు లాక్కపోయింది. "ముందు రాములోరికి మొక్కుకో, వచ్చినాక పెట్టుకుందువు" అనింది. ఆడ నేను సీటు కోసం దండం పెడతాంటే, ఈడ అంగట్లో సారు ల్యాప్‌టాప్ తెరిచినాడు. నా హాల్‌టికెట్ ఇచ్చింది మా నాయన. తన ఫోనుకొచ్చిన ఓటీపీ చదివి చెప్పింది మా నాయన. సారు తన కాలేజీ ఒక్కటే పెట్టి, ఇంక మార్చేదానికి లేకుండా ఫ్రీజ్ కొట్టేసినాడు.

"ఎందుకిచ్చినావు నాయనా?" అని అరిచినా.

"కాలేజీ బస్సు మన వీధిలోకే వస్తాదంటమ్మా. సాయంత్రానికి ఇంట్లో ఉంటావు."

బస్సంట! నేను చదవాల్సింది బస్సునా?

చదువు ముగిసే ఏడాది మా కాలేజీకి ఒక్క కంపెనీ రాలేదు. ర్యాంకులో నాకంటే శానా ఎనకుండిన మా ఇంటర్ క్లాసు పిల్ల ఆ కర్నూలు సర్కారు కాలేజీలోనే చేరింది. కంపెనీలే వాళ్ళ గేటుకాడికి పోయి ఉద్యోగమిచ్చినాయి. నేను మాత్రం కడపలో వేరే కాలేజీలో ఇంటర్వ్యూలంటే పరిగెత్తినా. గేటుకాడ కూర్చున్న ఆయప్ప నా కాలేజీ పేరడిగి, "మీది లేదు పాపా, పక్కకు జరుగు" అన్నాడు. నా మార్కులు అడగలా. నాకేమొచ్చునో అడగలా. నాలుగేండ్ల చదువును ఒక్క మాటతో పక్కకు నెట్టేసినాడు. ఆ ఎండలో ఏడ్చినా, కానీ ఏడుపు కంటే కోపమే ఎక్కువొచ్చింది.

ఆఖరికి మా కాలేజీ వాళ్ళే ల్యాబులో పనిచ్చినారు. మర్సటి వారమే కోయిలకుంట్ల బస్టాండులో ఫ్లెక్సీ కట్టినారు. దాంట్లో నా ఫోటో, కింద 'ఉద్యోగం సాధించిన మా విద్యార్థిని' అని. యాడ సాధించినానో మాత్రం రాయలేదు దొంగలు. నాయన దాని ముందర నిలబడి సెల్ఫీ తీసుకున్నాడు. ఏం చెప్పాల ఆయనకు?

ఎండాకాలం రానే వచ్చింది. సారు ఎంట నన్ను రాయచోటికి పంపినారు. బేకరీ నడిపే ఒకాయన కూతురికి మంచి ర్యాంకొచ్చిందంట. బేకరీలోనే సారు ల్యాప్‌టాప్ తెరిచినాడు. పిల్ల లోపల బన్నులకు మైదా పిసుకుతాండాది. వాళ్ళ నాయన ఫోను టింగుమనింది.

"ఆ నెంబరు చెప్పు భాయ్" అన్నాడు సారు. నన్ను చూపించి, "ఈ పాప మా కాడ చదివే ఉద్యోగం కొట్టింది" అన్నాడు.

ఇంక తట్టుకోలేకపోయినా.

"ఏం ఉద్యోగమో అడుగు భాయ్. ఇదే! నీ బిడ్డను పట్టిచ్చే ఉద్యోగం. ఆ నెంబరు చెప్పినావంటే రేపు నీ బిడ్డా ఇట్లే ఇంకొకరి అంగట్లో నిలబడతాది."

"ఏం మాట్లాడతాండావు?" అని సారు ఎగిరినాడు. ఆయన మాట ముగిసేలోపలే ఆ పిల్ల పరిగెత్తుకొచ్చి, మైదా చేతులతోనే వాళ్ళ నాయన చేతిలో ఫోను పెరుక్కునింది. ఆయన కూతురి మొగం చూసి, వదిలేసినాడు.

బస్టాండుకు నడిచిపోయి నాయనకు ఫోన్ చేసినా.

"ఆ ఫ్లెక్సీ పీకేయించు నాయనా. దాంట్లో ఉండే పిల్లకు ఈ పొద్దుట్నుంచి ఉద్యోగం లేదు."