సిరిసిల్ల గేమ్ డబ్బా

కోరుట్లల ఇంటి వైరింగంటే అందరు దేవేందర్‌నే పిలుస్తరు. ఆదివారం మాత్రం ఎవరు పిలిచినా పోడు. బీరువా అంతుండి, నిలవడి ఆడుకునే పాత వీడియో గేమ్ డబ్బాలు ఏడ దొరికినా తెచ్చి బాగుచేసుడు ఆయన పిచ్చి. పుచ్చిన చెక్క తీసి కొత్త ప్లైవుడ్ బిగిస్తడు, బటన్లు మారుస్తడు, సచ్చిన పిక్చర్ ట్యూబుకు పానం పోస్తడు. ఒక్కటి కూడ అమ్మడు.

ఆయన భార్య లతకు ఆ పిచ్చి మీద కోపం లేదు, భయం ఉన్నది. లత తండ్రి భూమన్న బీర్పూర్‌ల కల్లు గీసుటానికి తాళ్లెక్కెటోడు. చిన్నప్పుడు తల్లి రాజవ్వ పక్కన నిలవడి, చెట్టు మీదున్న తండ్రిని చూసుకుంట పెరిగింది. "పైనున్నోన్ని పిలువద్దు బిడ్డా, చెయ్యి తప్పుతది" అని రాజవ్వ లత నోటికి చెయ్యి అడ్డం పెట్టేది. గందుకే దేవేందర్ డబ్బా లోపల చెయ్యి పెడితే లత మాట్లాడదు. గుమ్మంల నిలవడి చూస్తది, గంతే.

మొన్న వానకాలం సిరిసిల్లల మూతబడ్డ మరమగ్గాల షెడ్డు నుంచి ఒక డబ్బాను ట్రాలీ ఆటోల తెచ్చిండు. చిన్నప్పుడు తను జగిత్యాల బస్టాండు కాడ ఆడిన ఆటనేనట. లోపలంత నూలు పీసు, ఎలుకలు కొరికిన వైర్లు. ఓపిగ్గ అంత సాఫు చేసిండు. అసుంటి పాత ట్యూబు సెట్లకు కరెంటు నేరుగ ఇయ్యద్దు. మధ్యల ట్రాన్స్‌ఫార్మర్ ఉండాలె, లేకుంటే లోపలి ఇనుప చట్రానికే కరెంటు అస్తది. గా ట్రాన్స్‌ఫార్మర్ ఇంకా రాలేదు.

"అచ్చినంక చూడరాదు?" అన్నది లత.

"బొమ్మ అస్తదా రాదా, గదొక్కటి చూస్త."

డబ్బాను పక్కకు తిప్పి, ప్లగ్గు పెట్టి, ఎనుక మోకాళ్ల మీద కూసున్నడు. గచ్చు వానకు చెమ్మగున్నది. తొంగిచూస్తే తెర మీద సన్నటి తెల్లగీత అచ్చింది.

"అచ్చింది లతా!"

ఆ తర్వాత మాట లేదు. లత కూడ మాట్లాడలేదు, పనిల ఉన్నడనుకున్నది. గీత వణుకుతనే ఉన్నది. ఆయన కదలలేదు.

కరెంటు పనిల ఒక చెయ్యి ఎప్పుడు నడుము ఎనుకనే ఉండాలె అని ఆయనే ఎన్నోసార్లు చెప్పిండు. ఇప్పుడు రెండు చేతులూ లోపలనే ఉన్నయ్. పండ్లు బిగుసుకున్నయ్. కండ్లు లత దిక్కే చూస్తున్నయ్, నోరు పెగుల్తలేదు.

"ఏమయ్యా!" అని ఉరికింది. ముట్టబోయి ఆగింది. ముడితే తనూ అతుక్కుంటది. ప్లగ్గు ఆయనకు అవతల ఉన్నది. గోడకు ఆనిచ్చిన ప్లైవుడ్ ముక్క అందుకొని, బలంకొద్ది ఆయన ముంజేతుల మీద కొట్టింది. ఇడువలేదు. మళ్ల కొట్టింది. దేవేందర్ ఎల్లెలుకల పడ్డడు.

ఛాతి మీద చెయ్యి పెట్టి చూసింది. దగ్గిండు.

"లతా... చెయ్యి ఇరగ్గొట్టినవ్" అన్నడు సన్నగ. అప్పుడు ఏడ్చింది, వాడకట్టంత ఉరికచ్చేటట్టు.

అరచేతులు కాలినయ్, ముంజేతి బొక్క పలిగింది. జగిత్యాల దవాఖానల కట్టు కట్టిండ్రు. చూడనీకి భూమన్న అచ్చిండు. ఒకసారి చెట్టు మీదికెళ్లి పడి, అప్పటినుంచి కుంటుతడు.

"నడుముకు మోకుతాడు సూసుకోకుంట చెట్టెక్కితివి అల్లుడా" అన్నడు.

ఆయన పోయినంక దేవేందర్ అన్నడు: "డబ్బాను పాత సామానోనికి ఇచ్చేద్దాం."

లత తల అడ్డంగ ఊపింది. "ఇస్తవ్. మళ్ల ఏడనో ఇంకోటి దొరుకుతది, నాకు తెల్వకుంట ఇప్పుతవ్. గంతకంటే నా ముందటనే చెయ్యి. ట్రాన్స్‌ఫార్మర్ రానీ. ముందుగాల గుమ్మం కాడ నా చేతికందేటట్టు స్విచ్ పెట్టు."

కట్టు ఇప్పినంక స్విచ్ పెట్టిండు. ట్రాన్స్‌ఫార్మర్ అచ్చినంక బిగించిండు. "ఎయ్యి" అంటే లతనే స్విచ్ ఏసింది. బొమ్మ రెండుసార్లు దొర్లి నిలవడ్డది. ఆకుపచ్చ విమానం, నల్లటి ఆకాశం.

"ఆడుతవా?" అన్నడు.

"నువ్వాడు. నేనీడనే ఉంట."

ఆయన చేతికి ఇంకా పట్టు రాలేదు, కొద్దిసేపట్లనే తన విమానాలన్ని పేలిపోయినయ్. దేవేందర్ చిన్నపిలగాని లెక్క నవ్విండు. లత నవ్వలేదు. కరెంటు బంద్ చేసింది. ఆయన డబ్బా ఎనుక తలుపు మూసి, స్క్రూలన్ని బిగించి, చేతులు దులుపుకుంట ఇవతలికి అచ్చేదాక స్విచ్ మీదికెళ్లి చెయ్యి తియ్యలేదు.