ఆళ్లగడ్డ మైదానంలో పట్ట

మా వీధిలో రోడ్డు పని జరుగుతోంది. పొద్దున ట్యాంకరుతో మట్టి తడుపుతుంటే ఆ వాసన మా నంద్యాల ఇంట్లో వంటగది దాకా వచ్చింది. ఆ వాసనకు అందరికీ వాన గుర్తొస్తుందేమో, నాకు మస్తాన్ సార్ గుర్తొస్తారు. పెద్దవాళ్లు హెలికాప్టర్‌లో వస్తే, అది దిగే నేల సిద్ధం చేయించడం మా ఆఫీసులో ఆయన పని. నేను ఉద్యోగంలో చేరగానే నన్ను ఆయన కింద వేశారు.

దుమ్ము లేవకుండా నేల తడిపించాక, ఆయన చెప్పులు విడిచి ఆ తడిలో అడ్డంగా, నిలువుగా నడిచేవారు. పాలిథిన్ కవరు, గుడ్డ పీలిక, బీడీకట్ట కాగితం, ఏది కనబడినా వంగి ఏరి జేబులో వేసుకునేవారు. ఇంటికెళ్లాక ఆ జేబులు దులపలేక భార్య తిట్టేదట. ఆ పని కూలీలకు చెప్పొచ్చు కదా అని ఒకసారి అడిగాను.

"వాళ్లకు రాళ్లే కనపడతాయమ్మా. రాయి యాడుండేది ఆడనే ఉంటాది. లేసి రెక్కకు చుట్టుకునేది గుడ్డ," అన్నారు.

నంద్యాలలో నేల సిద్ధం చేస్తే, దారిలో అవసరం పడుతుందేమోనని ఆళ్లగడ్డలో మరొకటి చేసి ఉంచేవాళ్లం. దాని మీద ఎన్నడూ ఎవరూ దిగలేదు. ఉత్త దండగ పని అని నేను నవ్వుకునేదాన్ని. ఒకసారి అలా హెలికాప్టర్ వచ్చే రోజు సార్ నంద్యాలలో ఉండి, ఆళ్లగడ్డ మైదానం నాకు అప్పగించారు. మైదానం మూలన ఓబులేసు అనే రైతు వడ్లు ఆరబోసి, పెద్ద టార్పాలిన్ పట్ట కప్పి ఉంచాడు. ఫోన్ చేస్తే సార్ ఒకటే మాట అన్నారు: "పట్ట ఎత్తించు."

"మబ్బు పట్టింది, సూడు మేడమ్. పట్ట తీస్తే గింజంతా తడుస్తాది. నా కష్టం మన్నయిపోతాది," అని ఓబులేసు బతిమాలాడు. నాకు జాలేసింది. జాలి కంటే బద్ధకమే ఎక్కువని ఇప్పుడు ఒప్పుకుంటాను. ఎలాగూ ఇక్కడ ఎవరూ దిగరు కదా అనుకున్నాను. నాలుగు మూలలా రాళ్లు పెట్టించి, తీసేశామని సార్‌కు చెప్పాను.

తిరుగు ప్రయాణంలో హెలికాప్టర్‌లో ఏదో హెచ్చరిక దీపం వెలిగిందట. పైలట్ ముందు జాగ్రత్తగా ఆళ్లగడ్డలో దింపబోయాడు. మనిషెత్తులో ఉండగా రెక్కల గాలికి రాళ్లు దొర్లాయి, పట్ట లేచి తోక రెక్కకు చుట్టుకుంది. హెలికాప్టర్ గిర్రున తిరిగి పక్కకు ఒరిగిపడింది. ప్రాణాలు దక్కాయి గానీ పైలట్ నడుం విరిగింది. అతను మళ్లీ నడపలేదని విన్నాను.

విచారణలో పట్ట ఎవరు ఉంచారని అడిగారు. నా ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. సార్ నా వైపు చూశారు. నేను నేల చూశాను. కాసేపాగి ఆయన, "నా కింద జరిగిన పని. తప్పు నాదే," అన్నారు. ఆయన్ను సస్పెండ్ చేశారు. రిటైరయ్యేదాకా ఆ మచ్చ పోలేదు.

చాలా ఏళ్ల తర్వాత బనగానపల్లెలో వాళ్లింటికి వెళ్లాను. నన్ను కాపాడారని చేతులు జోడించాను. ఆయన నవ్వలేదు.

"నిన్ను కాపాడాలని కాదమ్మా. నువ్వే చెప్తావని ఆ పొద్దు ఒక నిమిషం ఆగినా. నువ్వు చెప్పకపోతివి. ఇప్పుడన్నా చెప్తావా?"

చెబుతానన్నాను. అది నా ప్రమోషన్ జాబితా రావలసిన నెల. అదొక్కటీ రానిచ్చి చెబుదామనుకున్నాను. నాకు సిగ్గుండాలి. జాబితాలో నా పేరు వచ్చిన వారానికే ఆయన పోయారు.

ఈమధ్య జరిగినదంతా కాగితం మీద రాసి, సంతకం పెట్టి ఆఫీసులో ఇచ్చాను. గుమస్తా చదివి నా చేతికే తిరిగి ఇచ్చాడు. "ఆ ఫైలు మూసి శానా ఏండ్లాయ మేడమ్. పోయినాయనకు దీంతో ఏం పని? మీకెందుకు లేనిపోని తలనొప్పి?" అన్నాడు, నా మంచి కోరే. ఆ కాగితం నా హ్యాండ్‌బ్యాగులో ఉంది. రోజూ ఆఫీసుకు తీసుకెళ్తున్నాను, సాయంత్రం ఇంటికి తెచ్చుకుంటున్నాను.